పరీక్షల ఎండకు పిల్లల మనసుకు కాస్త నీడ

మార్చి వచ్చిందంటే కర్నూలు, కడప ఇళ్లల్లో రెండు రకాల వేడి మొదలవుతుంది. ఒకటి బయట ఎండ, రెండోది ఇంట్లో పరీక్షలు. ఎండకైతే మనం ముందే సిద్ధమవుతాం. కొత్త కుండ కొంటాం, మజ్జిగ చేసి పెడతాం, మధ్యాహ్నం పిల్లల్ని గడప దాటనివ్వం. మరి రెండో వేడికి ఏం చేస్తున్నాం?

ఇది చిన్న విషయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో మన ఆంధ్రలో ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పోయారని పేపర్లలో చదివాం. తప్పిన పరీక్ష సప్లిమెంటరీలో మళ్లీ రాసుకోవచ్చు. పిల్లలు పోతే ఏ తల్లి తట్టుకుంటుంది?

గుర్తు పట్టడం ఎలా?

"నాకు ఒత్తిడిగా ఉందమ్మా" అని పిల్లలు నోరు విప్పి చెప్పరు. వాళ్ల ఒళ్లే చెబుతుంది. బడికి పోయే వేళకు కడుపునొప్పి అంటారు. సెలవు రోజు ఆ నొప్పి ఉండదు. గోళ్లు కొరుకుతారు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు, ఇష్టమైన ఉగ్గాని, బజ్జీ పెట్టినా కెలికి వదిలేస్తారు. దాన్ని నటన అని కసురుకోకండి. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. దాంతో గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపులో తిప్పుతుంది. నొప్పి నిజంగానే ఉంటుంది.

ఇంట్లోనే చేయించదగ్గవి

ఊపిరి: ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది. అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. మూడు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలమనండి. చిన్నపిల్లలైతే వేడి సంగటి ముద్ద మీద ఊదుతున్నట్టు ఊదమంటే చాలు. పదిసార్లు చేస్తే సరిపోతుంది. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం చేతికొచ్చినప్పుడు కూడా ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు.

నిమ్మకాయ పిండడం: చేతిలో నిమ్మకాయ ఉన్నట్టు అనుకుని, ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా పిడికిలి గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయాలి. తర్వాత భుజాలు, ముఖం, కాళ్లు ఇలాగే. బిగించి వదిలినప్పుడు కండరం తేలికపడడం పిల్లలకే తెలుస్తుంది. అమెరికా డాక్టరు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లోనే దీని మీద పుస్తకం రాశారు. రాత్రి పడుకునే ముందు చల్లటి బండల మీద చాప పరిచి చేయిస్తే నిద్ర కూడా బాగా పడుతుంది.

ఒక్క చెనిక్కాయ: అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన 1979 నుంచి రోగులకు మనసు నిలపడం నేర్పారు. ఒక ఎండుద్రాక్షను చూసి, వాసన పట్టి, నిదానంగా నమిలి తినమంటారు. మనకు చెనిక్కాయలకు కొదవా? ఒక కాయ చేతిలో పెట్టండి. పైన గీతలు చూడమనండి, చెవి దగ్గర ఆడించమనండి, ఒలిచి మెల్లగా తినమనండి. ఆ రెండు నిమిషాలూ మనసు రేపటి లెక్కల పరీక్ష మీద ఉండదు. ఐదేళ్ల లోపు పిల్లలకు మాత్రం పలుకులు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.

పొద్దుగూకే వేళ: మన పక్కనే మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన రిషివ్యాలీ బడి ఉంది. అక్కడ సాయంత్రం పిల్లలంతా ఒకచోట చేరి, మాటాడకుండా సూర్యాస్తమయం చూస్తూ కూర్చునే అలవాటు ఉంది. దాన్ని 'అస్తాచల్' అంటారు. దీనికి ఫీజు కట్టనక్కరలేదు. మన మిద్దె మీద, చల్లగాలి తిరిగే వేళ, పది నిమిషాలు టీవీ, ఫోను లేకుండా పిల్లల పక్కన మనమూ కూర్చుంటే చాలు.

బలవంతం వద్దు

బ్రిటన్‌లో ఎనిమిది వేలమందికి పైగా పిల్లల మీద జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. బడిలో అందరికీ కలిపి ఇలాంటి పాఠాలు చెబితే, మామూలు పాఠాల కంటే ప్రత్యేకంగా లాభం కనబడలేదట. ఇంట్లో చాలామంది వాటిని సాధన చేయలేదు కూడా. అంటే ఇది మరో హోంవర్కు కాకూడదన్నమాట. ఆటలా ఉండాలి, అమ్మా నాన్నా కూడా చేయాలి. ఒక పక్క ఊపిరి పీల్చమని చెబుతూ, ఇంకో పక్క "పక్కింటి పిల్లకు ఎన్నొచ్చాయో చూడు" అంటే ఏం లాభం?

నిద్ర తగ్గించి చదివించకండి. పన్నెండేళ్ల లోపు బడిపిల్లలకు కనీసం తొమ్మిది గంటలు, ఆపై వాళ్లకు ఎనిమిది గంటలు నిద్ర కావాలి.

డాక్టరు ఎప్పుడు?

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోయినా, ఎవరితోనూ కలవకపోయినా డాక్టరుకు చూపించండి. "నేను లేకపోతేనే మేలు" లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే సాయం అడగండి. టెలి మానస్ 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు కూడా నేరుగా చేసుకోవచ్చు. ఆ నంబరును వంటింటి క్యాలెండరు మీద, అందరికీ కనబడేలా రాసి పెట్టండి.

ఫలితాలు వచ్చే రోజు మాత్రం ఎన్ని పనులున్నా ఇంట్లోనే ఉండండి. మార్కులు అడిగే ముందు అన్నం పెట్టండి.