వాన చప్పుడు ఫోన్‌లో వానలా ఎందుకు వినిపించదు?

ప్రశ్న: మొన్న మా పెరట్లో వాన పడుతుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాత పెట్టి వింటే మూకుడులో నూనె చిటపటలాడుతున్నట్టుంది, వానలా లేదు. ఎందుకని? వానను వానలాగే రికార్డు చేయడం ఎలా?

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు తల్లీ. చుట్టూ ఉన్న శబ్దాలను మైకుతో పట్టాలని బయల్దేరిన వాళ్ళందరికీ మొదట ఎదురయ్యే సందేహమే ఇది. దీనికి జవాబు సగం నీ చెవుల్లో ఉంది, సగం ఫోన్‌లో ఉంది. ముందు చెవుల సంగతి చూద్దాం.

వసారాలో నిలబడి వాన వింటున్నప్పుడు నువ్వు వినేది ఒక్క చప్పుడు కాదు. రేకుల మీద పడే చినుకుది ఒక మోత, అరిటాకు మీద పడేదానిది ఇంకొకటి, గుంటలో నిలిచిన నీళ్ళ మీద పడేదానిది మరొకటి. రేకులు ఎడమ పక్కన, అరటిచెట్టు కుడి పక్కన ఉన్నాయనుకో. ఆకు మీది చప్పుడు నీ కుడిచెవికి ముందు చేరుతుంది, ఎడమచెవికి రవ్వంత ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని గుర్తుపట్టి, ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో వేరుచేసి చెబుతుంది.

మెదడు అంతటితో ఊరుకోదు. వేరుచేసిన వాటిలోంచి నీకు కావలసినదాన్ని ఏరుకుంటుంది. పెళ్ళిపందిట్లో మేళం మోగుతున్నా ఎదురుగా ఉన్న అత్తయ్య మాట నీకు తెలుస్తుంది కదా! 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటన్ శాస్త్రజ్ఞుడు మనుషుల రెండు చెవుల్లో ఏకకాలంలో వేరువేరు మాటలు వినిపించి చూశాడు. వాళ్ళు ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాదాపు పూర్తిగా వదిలేయగలిగారు.

మైకుకు ఈ ఏరుకోవడం తెలియదు. తనదాకా వచ్చిన ప్రతి కదలికనూ సమానంగా తీసుకుంటుంది. ఫోన్‌లో రికార్డయ్యేటప్పుడు ఎడమ, కుడి తేడా కూడా చాలావరకు పోతుంది. అప్పుడు అన్ని వైపులనుంచి వచ్చే వేల చినుకుల మోతలు, సన్నవీ బరువైనవీ కలిసిపోయి ఒకే హోరవుతాయి. కాగే నూనెలోనూ జరిగేది అదే. నీటి తడి ఆవిరై చిట్లే చిన్నచిన్న చప్పుళ్ళు లెక్కలేనన్ని కలుస్తాయి. కాబట్టి నీ చెవి పోల్చింది సరిగ్గానే పోల్చింది.

ఇక ఫోన్ సంగతి. దాన్ని ముఖ్యంగా మనిషి మాట కోసం తయారుచేశారు. ఎడతెగకుండా ఒకేలా సాగే శబ్దాన్ని అది 'అనవసరమైన రొద' అనుకుని తగ్గించేస్తుంది. వాన సరిగ్గా అలాంటిదే. ఉరుము ఉరిమితే ఫోన్ మొత్తం శబ్దాన్ని కిందికి దించుతుంది, నెమ్మదించగానే మళ్ళీ పైకి లేపుతుంది. అందుకే రికార్డింగ్‌లో వాన ఉన్నట్టుండి తగ్గి పెరిగినట్టు ఉంటుంది. ఈ సవరింపులను ఆపుకునే వీలున్న రికార్డింగ్ యాప్ ఏదైనా వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

అసలు మందు మాత్రం యాప్‌లో లేదు, దూరంలో ఉంది. మైకు ఏరుకోలేదు కాబట్టి దాని తరఫున నువ్వే ఏరుకోవాలి. అరిటాకు మోత కావాలనుకుంటే ఆకు దగ్గరికి వెళ్ళు. నాలుగడుగుల దూరం నుంచి రెండడుగులకు జరిగితే ఆ ఆకు నుంచి వచ్చే శబ్దపు ఒత్తిడి రెట్టింపవుతుంది, కొలతలో 6 డెసిబెల్స్ పెరుగుతుంది. చుట్టూ ఉన్న వాన హోరు మాత్రం ఎక్కడున్నదక్కడే ఉంటుంది. అందువల్ల ఆకు మోత విడిగా తేలుతుంది. చూరు కింద తడవని చోట, మడతపెట్టిన తువ్వాలు మీద ఫోన్ ఉంచు. చేతిలో పట్టుకుంటే వేళ్ళు కదిలినప్పుడల్లా వచ్చే గరగర కూడా ఎక్కేస్తుంది.

గాలి వీస్తుంటే గోడ చాటుకు వెళ్ళు. రికార్డింగ్‌లో వినిపించే ఆ 'బుడబుడ' చాలావరకు గాలి పాట కాదు, గాలి నేరుగా మైకులోని పల్చని పొరను కొట్టడం. ఈ పని చేసేవాళ్ళు మైకుకు బొచ్చు తొడుగు వేసేది ఇందుకే. బొచ్చు తన సందుల్లో గాలి వేగాన్ని తగ్గించి మైకు చుట్టూ నిమ్మళంగా ఉంచుతుంది, శబ్దాన్ని మాత్రం లోపలికి రానిస్తుంది.

దగ్గరికి వెళ్ళడమనేది ఈ విద్య పుట్టినప్పటినుంచీ ఉన్న నియమం. మనకు తెలిసినంతలో మొట్టమొదటి పక్షి రికార్డింగ్ 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే పిల్లవాడు చేశాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ అనే రికార్డింగ్ యంత్రం ముందు, మైనపు గొట్టం మీద, ఇంట్లో పెంచుకుంటున్న షామా పిట్ట పాటను పట్టాడు. మన దేశపు అడవుల్లోనూ ఉండే పిట్టే అది. అప్పటి యంత్రంలో శబ్దాన్ని పెంచే కరెంటు లేదు. పిట్ట గొంతులోని బలమే మైనం మీద గీత గియ్యాలి. కాబట్టి దగ్గరగా ఉండక తప్పదు.

ఆ పిల్లవాడిలాగే నువ్వూ ఇంటితోనే మొదలుపెట్టు. ఇంటి శబ్దాలు రేపు మళ్ళీ వస్తాయి. ఇవాళ కుదరకపోతే రేపు ఒకడుగు జరిగి చూడొచ్చు. తెల్లవారుజామున లేస్తే ఇంకా మేలు. రాత్రంతా నేల చల్లబడటంతో కింది గాలి చల్లగా, పై గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా చల్లగాలి వైపు, అంటే నేలవైపు వంగుతుంది. దూరపు గుడి గంట దగ్గరగా వినిపించేది అందుకే. దూరపు లారీ హారన్ కూడా అలాగే వస్తుంది, కనుక రోడ్డుకు ఇంటిని అడ్డం పెట్టుకుని కూర్చో.

ప్రయాణంలో మాత్రం ఒక్కసారే అవకాశం వస్తుంది. రైల్లో రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతున్నావనుకో. గట్టు మీద పట్టాల కింద కంకర ఉంటుంది, అది మోతను కొంత మింగేస్తుంది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన లాంటి ఉక్కు వంతెన ఎక్కగానే ఉక్కు దూలాలే కంపించి మోగుతాయి, శబ్దం ఒక్కసారిగా గుల్లగా, పెద్దగా మారుతుంది. వంతెన వచ్చాక మీట నొక్కితే ఆ మార్పు దొరకదు, వట్టి మోతే దొరుకుతుంది. కొవ్వూరు వైపునుంచి వస్తుంటే ఆ స్టేషన్లోనే మొదలుపెట్టి, అవతలి గట్టు మీదికి దిగాక ఆపు. చెయ్యి, ఫోను మాత్రం కిటికీ బయట పెట్టకు.

ఆపేముందు ఊరు, తేదీ, వేళ నీ గొంతుతో చెప్పు. మనుషుల మాటలు పడేచోట ముందే వాళ్ళను అడుగు. తేదీ ఎందుకంటే, శబ్దాలు శాశ్వతం కావు. రైలంటే ఒకప్పుడు పట్టాల అతుకుల దగ్గర వచ్చే 'టకటక, టకటక'. ఇప్పుడు చాలాచోట్ల పట్టాలను వెల్డింగుతో పొడవుగా కలిపేశారు, ఆ దరువు తగ్గిపోయింది. దాన్ని ఎవరైనా తేదీ వేసి దాచి ఉంటేనే నీలాంటివాళ్ళు వినగలరు. మీ పెరటి వానా అంతే. ఆ రేకులు పోయి స్లాబు పడితే దాని గొంతు మారిపోతుంది. కాబట్టి వచ్చే వానకు ఆకు మోత, రేకుల మోత వేరువేరుగా పట్టి, పేర్లు పెట్టి దాచు.