ఉగ్గుగిన్నె – పాలసీసా

ద్వారకా తిరుమలలో వేంకటేశ్వరస్వామి సన్నిధిని పసిబిడ్డలకు అన్నప్రాశనము చేయించుట కలదు. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలే చాలును, నీరైనను పోయనక్కరలేదు. తల్లిపాలు అందని బిడ్డకే వేరొక పాత్ర కావలసివచ్చును. అది యెట్టిదై యుండవలెను?

తెలుగువారి యిండ్లలో పూర్వమునుండి ఉగ్గుగిన్నె కలదు. అది ముక్కు గల చిన్న గిన్నె. నోరు తెరచియుండుటచే లోపలి భాగము కంటికి కనబడును, వ్రేలికి అందును. కావున సులభముగా శుభ్రపడును.

ఈ గుణము లేని పాత్ర యెంత కీడు చేయునో ఇంగ్లండు చరిత్ర తెలుపును. పందొమ్మిదవ శతాబ్దమున అచట పొడవైన రబ్బరు గొట్టము గల పాలసీసాలు వ్యాపించెను. బిడ్డ తనంత తానే త్రాగునని తల్లులు సంతసించిరి. కాని కడుగ వీలులేని ఆ గొట్టములో సూక్ష్మజీవులు పెరిగి, ఎందరో శిశువులు మరణించిరి. జనులు వానిని ‘హంతక సీసాలు’ అనిరి.

సీసాయే వాడవలసివచ్చినచో వెడల్పు మూతి గలదానిని, లోపల మూలలు లేనిదానిని ఎన్నుకొనవలెను. వాడిన ప్రతిసారియు సీసాను, పాలపీకను తోమి, నీటిలో మరిగింపవలెను. అది సాధ్యముకాని యింట గిన్నెయు చెంచాయునే మేలు.

వర్తకుల ఆకర్షణలకు తల్లులు లోబడకుండుటకై, 1992లో చేయబడిన భారత చట్టము పాలసీసాల ప్రకటనలను నిషేధించినది. పాత్ర యందమును గాక, దాని శుభ్రతను చూచుటయే బిడ్డకు రక్ష.