చీటీ రాసేది డాక్టరు... చూసుకునేది కాంపౌండరు

డాక్టరుగారు రాకముందే క్లినిక్కు తలుపు తీసేది కాంపౌండరే. తొలి బస్సుకు పల్లెల నుంచి దిగినవారికి నంబర్లు ఇవ్వడం, బరువు తూచడం, జ్వరం చూడటం, కట్లు కట్టడం అన్నీ ఆయన పనులే.

ఒకప్పుడు కల్వంలో మాత్రలు నూరి పొట్లాలు కట్టేవారు. మందు సీసాకు మోతాదు గుర్తుగా పళ్లు కత్తిరించిన కాగితం అంటించేవారు. గాజు సిరంజీలు మరిగించేవారు. ఆ పనులు పోయాయి. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచడం, వాడిన సూదులను విడిగా గట్టి డబ్బాలో వేయడం వచ్చాయి.

నంబరు ఎంతైనా, గుండెనొప్పితో చెమటలు పట్టిన మనిషిని ముందుగా లోపలికి పంపాలి. ఆ చూపు ఉండాలి.

అసలు చిక్కు డాక్టరు లేనప్పుడు వస్తుంది. "కాంపౌండరుగారూ, ఒక్క సూదిమందు వేద్దురూ" అని బతిమాలుతారు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇవ్వాలన్నా రిజిస్టరైన ఫార్మసిస్టే కావాలి. డాక్టరు తన రోగులకు తానే ఇచ్చుకోవచ్చు. చీటీయే లేని ఇంజెక్షన్ సంగతి చెప్పేదేముంది? పెన్సిలిన్ పడనివారికి నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు.

వచ్చినవారు విసుక్కున్నా సరే, డాక్టరు వచ్చేదాకా కూర్చోబెట్టాలి. ఆగలేని జబ్బయితే 108కి ఫోను చేయాలి. కాదనడం కూడా కాంపౌండరు ఉద్యోగంలో భాగమే.