ఆడుకోనిద్దాం... అదే వాళ్ల చదువు!

జూన్ వస్తోందంటే మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒకటే హడావుడి. ఏ స్కూల్లో వేద్దాం, ఫీజెంత, వ్యాన్ వస్తుందా, ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తారా... అన్నీ ఆరా తీసి చేర్పిస్తే, నెల తిరక్కుండానే మరో బెంగ మొదలవుతుంది. ‘పక్కింటి పాప అప్పుడే ఏబీసీడీలు రాసేస్తోంది, మనవాడేమో ఇసకలో ఆడుకుని వస్తున్నాడు. ఇంత ఫీజు కట్టింది ఆటలకా?’ అని. అవును, ఆటలకే! మూడేళ్ల వయసులో బడి ఇవ్వగలిగిన మంచి చదువు అదే. దానికి తోడు కావాల్సింది రోజూ ఒకే వరసలో సాగే దినచర్య. ఈ రెండూ కుదిరిన తరగతిలో పిల్లలు ఏం నేర్చుకుంటారో తెలిస్తే అమ్మానాన్నల బెంగ సగం తీరిపోతుంది.

గిన్నెలూ మూతలూ

అలాంటి తరగతిలో ఓ పావుగంట కూర్చుని చూడండి. ఒక మూల నీళ్ల తొట్టి దగ్గర ఓ బాబు స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచి చిన్న గిన్నెలో పోస్తున్నాడు. గిన్నె నిండి నీళ్లు కిందికి పొర్లాయి. ఆగాడు. కాసేపు గిన్నెవైపు, గ్లాసువైపు చూశాడు. ఈసారి సగం గ్లాసే ముంచాడు. చాప మీద ఓ పాప ముందు నాలుగైదు గిన్నెలు, వాటి మూతలు ఉన్నాయి. చిన్న మూత తీసుకెళ్లి పెద్ద గిన్నె మీద పెడితే లోపల పడిపోయింది. తీసి మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది. మూడో మూత అంచులకు అతికినట్టు కూర్చోగానే మొహం వెలిగిపోయింది. అప్పటిదాకా పక్కనే కూర్చుని చూస్తున్న టీచరమ్మ ‘పెద్ద గిన్నెకు పెద్ద మూత సరిపోయిందా తల్లీ?’ అంది.

ఆ పావుగంటలో ఎంతో చదువు జరిగింది. బాబు కొలత నేర్చుకున్నాడు, పొర్లకుండా పోయడానికి చేతిని అదుపు చేసుకున్నాడు. పాపకు చిన్నా పెద్దా తేడా చేతికి తెలిసింది. ఆ తేడాకి మాట టీచరమ్మ అందించింది. ఆటతో చదువు చెప్పడమంటే పిల్లల్ని వదిలేసి ఓ పక్కన కూర్చోవడం అనుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే. ఏ రోజు ఏ వస్తువులు ముందు పెట్టాలో, ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు ఒక్క మాట అనాలో టీచరుకు తెలిసి ఉండాలి. పలక మీద అక్షరం రాసిచ్చి దిద్దమనడం కన్నా అది ఎంతో కష్టమైన పని. పూసలు, చింతపిక్కల్లాంటి చిన్న వస్తువుల్ని ఈ వయసు వాళ్లకు అందకుండా దాచడమూ ఆమె బాధ్యతే. అవి నోట్లోకో ముక్కులోకో పోతాయి.

ఎవరి ఆట వారిదే

‘మావాడు ఎవరితోనూ కలవట్లేదండీ, ఒక్కడే ఆడుకుంటాడు’ అని టీచర్ల దగ్గర వాపోయే తల్లులు చాలామంది ఉంటారు. రెండుమూడేళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం సహజం. అమెరికా పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల ఆటల్ని గమనించి, 1932లో అచ్చయిన పరిశోధనలో దీన్ని ఒక దశగా గుర్తించారు. ఒంటరిగా ఆడటం, పక్కవాళ్ల ఆట చూడటం, పక్కనే కూర్చుని అలాంటి ఆటే విడిగా ఆడటం, తర్వాత ఇచ్చిపుచ్చుకోవడం, చివరికి అంతా కలిసి ఒకే ఆట ఆడటం... ఇలా సాగుతుందా వరస. కాబట్టి మూడేళ్లవాడు బొమ్మ ఇవ్వనని మొండికేస్తే వాడు స్వార్థపరుడని కాదు, ఇచ్చిపుచ్చుకునే దశ ఇంకా రాలేదని అర్థం. మంచి తరగతిలో అందుకే పిల్లలు ఎక్కువ ఇష్టపడే బొమ్మలు ఒకటికి రెండు మూడు ఉంటాయి. ‘అక్క ఆడుకున్నాక నీ వంతు’ అని రోజూ చెబుతూ, నిజంగానే ఆ వంతు ఇస్తుంటే ఓర్పు దానంతటదే అలవడుతుంది.

ఈ వయసులోనే ఉత్తుత్తి ఆటా ఊపందుకుంటుంది. మన గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు అవే కదా! ఖాళీ గిన్నెలో ఉత్తుత్తి పప్పు తిప్పుతూ ‘అన్నం తిను నాన్నా, వేడిగా ఉంది, ఊదుకో’ అని బొమ్మను బతిమాలే పాప అమ్మ మాటల్ని, క్రమాన్ని, ఇంకొకరి అవసరాన్ని తన మనసులో నిలుపుకుంటోంది. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకోగలిగిన మనసే రేపు ‘అ’ అనే గీతల్లో ఒక శబ్దం ఉందని ఒప్పుకుంటుంది.

గడియారం తెలియని వయసు

‘అమ్మ మూడింటికి వస్తుంది’ అంటే మూడేళ్ల బిడ్డకు ఏమీ అర్థం కాదు. ‘అన్నం తిని, బజ్జుని లేచాక అమ్మ వస్తుంది’ అంటే అర్థమవుతుంది. దేని తర్వాత ఏది వస్తుందన్నదే ఆ వయసులో కాలం. అందుకే ఈ తరగతిలో దినచర్యకు అంత విలువ. రాగానే చెప్పులు విప్పి వరసలో పెట్టడం, అందరూ గుండ్రంగా కూర్చుని పేరుపేరునా పలకరించుకోవడం, పాట, ఇష్టమైన ఆట, బొమ్మలు సర్దడం, చేతులు కడుక్కోవడం, చిరుతిండి, ఆరుబయట ఇసక, నీళ్లు, కథ, అన్నం, నిద్ర. కొన్ని చోట్ల వీటిని బొమ్మలుగా గీసి పిల్లల ఎత్తులో గోడకు అంటిస్తారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను ఎత్తుకుని ‘ఇదిగో ఇది అయ్యాక ఇది, ఇది అయ్యాక అమ్మ’ అని వేలితో చూపిస్తే, కొన్నాళ్లకు ఆ వేలు పిల్లలదే అవుతుంది.

ఒక పనిలోంచి మరో పనిలోకి మారేటప్పుడే పిల్లలు ఎక్కువ పేచీ పెడతారు. దానికీ ఉపాయం ఉంది. బొమ్మలు సర్దేముందు రోజూ ఒకే పాట ఎత్తుకుంటే చాలు. పాట వినబడగానే చేతులు వాటంతటవే బుట్టవైపు వెళ్తాయి. కేకలతో పని ఉండదు.

ఇంటి దినచర్య కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, కనీసం 3 గంటలు ఒళ్లు కదిలే ఆట కావాలనీ, ఫోన్, టీవీ ముందు గంటకు మించి కూర్చోబెట్టొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రాత్రి పదకొండింటిదాకా ఫోన్ చూసిన బిడ్డ పొద్దున బడి గుమ్మంలో ఏడిస్తే ఆ తప్పు బిడ్డదీ కాదు, బడిదీ కాదు.

చెయ్యి ఎదగకముందే పెన్సిలా?

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే. ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ వస్తాయి. చివరిదానికి ఎనిమిదేళ్లు దాటాల్సిందే. మూడేళ్ల చేతిలో సాధారణంగా వాటిలో సగం కూడా ఇంకా ఎముకగా మారి ఉండవు. ఆ చేతిని గంటల తరబడి నాలుగు గీతల పుస్తకంలో తిప్పితే పెన్సిల్ మీద పట్టు రాదు, చదువంటే విసుగు వస్తుంది. చపాతీ పిండి పిసకడం, తడిగుడ్డ పిండటం, పెద్దలు పక్కనుండగా బఠానీలు వలవడం, గోడ మీద నీళ్లతో కుంచె తిప్పడం... రాతకు చేతిని సిద్ధం చేసేవి ఇవే. అక్షరాభ్యాసం మన ఇళ్లలో ముచ్చటైన వేడుక. బియ్యంలో వేలితో రాయించే ఆ వేడుకను వేడుకగానే ఉంచి, మర్నాటి నుంచే పెన్సిల్ పట్టించకుండా ఉంటే చాలు.

మనకు కొత్తేమీ కాదు

ఇదంతా విదేశీ పోకడ అనుకునేవాళ్లు గిజుభాయి బధేకాను తలచుకోవాలి. వకీలు వృత్తి వదిలేసి 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచి నడిపిన ఆయన్ను అక్కడివాళ్లు ‘మీసాల అమ్మ’ అని పిలుచుకున్నారు. కథలు, ఆటలు, స్వేచ్ఛ... ఇవే ఆయన పాఠాలు. 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి రెండో ప్రపంచ యుద్ధం కారణంగా ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి ఎందరో టీచర్లకు శిక్షణనిచ్చారు. ఇక ఆటవస్తువుల సంగతికొస్తే, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, చెట్ల నుంచి తీసిన రంగులు, లక్కతో మెరుగుపెట్టే బొమ్మలకు మొనలుండవు, అంచులు నున్నగా ఉంటాయి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలు మన తరగతుల అల్మరాల్లో కనిపించకపోవడమే బాధ.

పక్క వీధిలోని బడి

దేశమంతటా దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద నడిచే ఈ కేంద్రాలను చాలామంది ఇప్పటికీ గుడ్డూ, పప్పన్నమూ పెట్టే చోట్లుగానే చూస్తారు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని గుర్తుచేసిన 2020 జాతీయ విద్యావిధానం, మూడేళ్ల వయసు నుంచే చదువును ఆటపాటలతో మొదలుపెట్టాలని చెప్పింది. 2024లో మూడు నుంచి ఆరేళ్లవారి కోసం ‘ఆధారశిల’ పేరుతో వచ్చిన 48 వారాల ప్రణాళికలో, మొదటి 4 వారాలు పిల్లలు ఇంటి నుంచి కేంద్రానికి అలవాటుపడటానికే కేటాయించారు. ఏ కార్పొరేట్ ప్లేస్కూలైనా సిగ్గుపడకుండా అనుసరించదగ్గ ఆలోచన ఇది.

కాగితం మీద బాగున్నది గదిలోకి రావాలంటే టీచరమ్మకు తీరిక కావాలి. తూకాలు, రిజిస్టర్లు, ఫోన్‌లో వివరాల నమోదు, సర్వేలు, గర్భిణుల బాగోగులు, అన్నీ ఆమె మీదే. ఇవన్నీ చక్కబెట్టుకుంటూనే పిల్లల మధ్య కూర్చుని ఆడించే అంగన్‌వాడీ టీచర్లు మన మధ్యే ఉన్నారు. రోజులో కనీసం కొన్ని గంటలు ఏ రిజిస్టరూ అడ్డురాని సమయం వాళ్లకు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత.

చేర్పించేముందు చూడండి

ఏసీ, రంగుల గోడలు, కంప్యూటర్ తెరలు చూసి మోసపోవద్దు. ప్రైవేటు ప్లేస్కూళ్లలో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు ఆ లెక్క అడగండి. బొమ్మలు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, అల్మరాలో అలంకారానికి ఉన్నాయా? ఇసక, నీళ్లు, ఆరుబయట కాస్త నేల ఉన్నాయా? మరుగుదొడ్డి శుభ్రంగా, పిల్లలు టీచర్ల కంటికి కనిపించేంత దగ్గరలో ఉందా? టీచర్లు కిందికి వంగి, పిల్లల కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారా? మొదటివారం అమ్మనో అమ్మమ్మనో కాసేపు కూర్చోనిస్తారా? ఈ జవాబులే బడి ఎలాంటిదో చెబుతాయి.

అమ్మలూ నాన్నలూ, మీకు ఒక్క మనవి. ఈ జూన్‌లో మీ బిడ్డను చేర్చే బడిని రాత పుస్తకాలు అడగకండి. హోంవర్క్ ఎందుకివ్వరని నిలదీయకండి. మీరు అడుగుతున్నారనే చాలా బళ్లు ఆటలు తగ్గించి పెన్సిళ్లు పట్టిస్తున్నాయి. మీరు ఆట అడిగితే ఆటే ఇస్తాయి. రాయడానికి ముందుముందు ఎన్నో ఏళ్లున్నాయి. మూడో ఏడు మాత్రం ఒక్కసారే వస్తుంది. దాన్ని పిల్లలకే వదిలేద్దాం.