వై-ఫై తెగదు, ఎవరో వదిలేస్తారు

"నెట్ మాటిమాటికీ కట్ అవుతోంది" అన్నప్పుడు మన మనసులో ఒక తీగ మెదులుతుంది. కరెంటు తీగో, పాత టెలిఫోను తీగో తెగినట్టు ఎక్కడో ఏదో తెగిందనీ, ఎవరో వచ్చి అతికితే గాని పని జరగదనీ అనుకుంటాం. స్తంభాల మీదుగా ఇంటికొచ్చే ఫైబర్ కేబుల్ విషయంలో ఆ ఊహ సరైనదే. లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య మాత్రం తెగడానికి తీగంటూ లేదు. అక్కడున్నది ఒక ఒప్పందం. లాప్‌టాప్ తన రాకను రౌటర్‌కి తెలియజేస్తుంది. పాస్‌వర్డ్‌ను గాలిలోకి వదలకుండానే, అది తమకు తెలుసని ఇద్దరూ ఒకరికొకరు రుజువు చేసుకుంటారు. రహస్య తాళాలు తయారుచేసుకుని, అవతలివారి పేరు ఎవరి జ్ఞాపకంలో వారు రాసుకుంటారు. 1997లో ఐట్రిపుల్‌ఈ సంస్థ 802.11 ప్రమాణాన్ని ప్రకటించిన తర్వాత తాళాల పద్ధతి ఎన్నోసార్లు మారింది గాని, అనుసంధానం అంటే ఇప్పటికీ ఈ జంట జ్ఞాపకాలే. అవి చెరిగే దారులు ముఖ్యంగా మూడు: రౌటర్ ఇక చాలని కబురు పంపడం, లాప్‌టాప్ తనంతట తాను సెలవు తీసుకోవడం, లేదా ఒకరి పలుకు కోసం ఎదురుచూసి విసిగిన రెండోవారు పేరు కొట్టేయడం. మూడూ నిర్ణయాలే. అందుకే వై-ఫై పదేపదే పోతున్న లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఏది పాడైందని వెతకడం కన్నా, ఎవరు వదిలేశారు, ఏ లెక్కన వదిలేశారు అని ఆరా తీయడం మేలు.

ఇది మాటల గారడీ కాదనడానికి కంప్యూటర్లు రాసుకునే దినచర్యే సాక్ష్యం. లైనక్స్ లాప్‌టాప్‌లో వై-ఫై పోయిన క్షణానికి సంబంధించిన లాగ్ తెరిస్తే, చాలాసార్లు ఆ వాక్యం చివర "బై లోకల్ ఛాయిస్" అని ఉంటుంది. అంటే విడిచిపెట్టింది లాప్‌టాపేనని అర్థం. రౌటర్ వెళ్లగొడితే ఆ కబురుతోపాటు ఒక కారణ సంఖ్య వస్తుంది. 4 అయితే చాలాసేపటి నుంచి ఉలుకూ పలుకూ లేదని, 15 అయితే పాస్‌వర్డ్ రుజువు సమయానికి పూర్తికాలేదని, 16 అయితే తాళం మార్పిడికి జవాబు రాలేదని. విండోస్‌లోనూ ఇలాంటి చిట్టా ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్, వ్లాన్, షో, వ్లాన్‌రిపోర్ట్ అనే నాలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీలతో టైపు చేస్తే, గడిచిన 3 రోజుల్లో వై-ఫై ఎప్పుడు కలిసిందీ, ఎప్పుడు విడిపోయిందీ, ఏ కారణం నమోదైందీ ఒక పేజీగా తయారవుతుంది. విండోస్ 10 నుంచి ప్రతి లాప్‌టాప్‌లో ఉన్నా, ఇది ఉందని తెలిసినవారు తక్కువ. రౌటర్ మార్చాలా, ప్లాన్ మార్చాలా, లాప్‌టాప్ మార్చాలా అని తర్జనభర్జన పడే ముందు ఈ పేజీని ఒక్కసారి చదవకపోవడం నాడి చూడకుండా మందు రాయడం లాంటిది.

అయితే పోయింది వై-ఫై ఒప్పందమేనా అన్నది ముందు తేలాలి. లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక అంచె, రౌటర్ నుంచి నెట్ కంపెనీ దాకా ఇంకొకటి, అక్కణ్ణుంచి మనం చూస్తున్న సైటు దాకా మరొకటి. తెర మూలనున్న గుర్తు ఈ మూడింటినీ కలగాపులగం చేస్తుంది. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న పాఠ్యాన్ని తెప్పించుకోవడానికి ప్రయత్నిస్తుంది; అది రాకపోతే నెట్ లేదని ప్రకటిస్తుంది. రౌటర్‌తో ఒప్పందం చెక్కుచెదరకుండా ఉన్నా సరే. ఈ చిక్కును విడదీసేది పింగ్ అనే చిన్న పనిముట్టు. 1983లో అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనాలయంలో పనిచేస్తున్న మైక్ మూస్ దీన్ని రాశారు. జలాంతర్గాముల సోనార్ శబ్దాన్ని బట్టి పేరు పెట్టారు. రెండు కిటికీలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో అది 192.168.1.1), ఇంకోదాంట్లో గూగుల్ వారి 8.8.8.8కు ఆగకుండా పింగ్ పంపుతూ ఉంచాలి. నెట్ పోయినప్పుడు రెండూ ఆగిపోతే చిక్కు ఇంట్లోనే, వై-ఫై దగ్గరే. రౌటర్ జవాబిస్తూ రెండోదే ఆగితే లాప్‌టాప్ నిర్దోషి. అప్పుడు కంపెనీకి ఫోన్ చేయడం న్యాయం.

ఇక్కడ దాదాపు అందరూ ఒక అభ్యంతరం చెబుతారు. "అదే వై-ఫై మీద ఫోన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కాబట్టి తప్పు లాప్‌టాప్‌దే." ఫోన్ అంత నమ్మదగిన సాక్షి కాదు. వై-ఫై కాస్త తడబడగానే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి, వీడియో ఆగదు గనక మనకు తెలియదు. మొబైల్ డేటా ఆపేసి, ఫోన్‌ను లాప్‌టాప్ పక్కనే, అదే పేరుగల అదే బ్యాండ్‌కు కలిపి పరీక్షించినప్పుడే దాని సాక్ష్యానికి విలువ. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే అవి రెండు వేర్వేరు దారుల్లో నడుస్తున్నట్టే.

ఇక విసిగిపోవడం సంగతి. రౌటర్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, తానున్నానని ఒక చిన్న ప్రకటన చేస్తుంది. దాన్ని బీకన్ అంటారు. వరసగా కొన్ని బీకన్లు వినపడకపోతే లాప్‌టాప్ ఇక లాభం లేదనుకుంటుంది. ఆ "కొన్ని" ఎన్నో నిర్ణయించేది వై-ఫై కార్డు, దాని డ్రైవర్. ఒకే బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు పెడితే ఒకటి నిలిచి, ఒకటి రాలిపోవడానికి ఇదొక కారణం. సిగ్నల్ బలహీనమైతే అది ప్రకృతి ధర్మమే తప్ప నిర్ణయమెలా అవుతుందని ఎవరైనా అడిగితే జవాబు కూడా ఇదే: బలహీనత ప్రకృతిది, ఎంత బలహీనత దాకా ఓర్చుకోవాలన్న లెక్క యంత్రానిది. ఆ బలహీనత ఎంతటిదో తెలిస్తే, అసలు వై-ఫై నిలబడటమే విశేషమనిపిస్తుంది. రౌటర్ 100 మిల్లీవాట్లతో ప్రసారం చేసిందనుకుంటే, పడగ్గదిలో లాప్‌టాప్‌కు మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) చేరిందంటే అందులో వంద కోట్లలో ఒక వంతు మాత్రమే అందినట్టు. విండోస్ లెక్కలో మైనస్ 50 అయితే నూరు శాతం, మైనస్ 100 అయితే సున్నా. కనుక తెర మీద 60 శాతం అని కనపడినప్పుడు ఆ వంద కోట్లలో ఒక వంతుతోనే మన మీటింగు నడుస్తోందన్నమాట. మధ్యలో సిమెంటు గోడ, ఇనుప బీరువా, ఫ్రిజ్ వచ్చాయంటే ఇంకా తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడల దగ్గర మరింత నష్టపోతాయి.

"గీతలన్నీ నిండుగా ఉన్నా పోతోంది కదా" అన్న ప్రశ్నలో న్యాయముంది. ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు లాప్‌టాప్‌కు ఎంత గట్టిగా వినపడుతోందన్నది ఒక్కటే. గదిలో ఇంకెంత గోల ఉందో, లాప్‌టాప్ గొంతు రౌటర్‌కు వినపడుతోందో లేదో అవి చెప్పవు. లాప్‌టాప్ తరచు రౌటర్ కంటే తక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది కాబట్టి, ఒకవైపు స్పష్టంగా, రెండోవైపు గుసగుసగా సాగే సంభాషణ ఇది. గోల విషయానికొస్తే, మన దేశంలో 2005లో లైసెన్సు అవసరం లేకుండా వదిలిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడు చానళ్లే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంట్‌లో కనపడే వై-ఫై పేర్లు లెక్కపెడితే, ఎన్ని ఇళ్లు ఆ మూడింటిని పంచుకుంటున్నాయో తెలుస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. బ్లూటూత్ మౌస్, ఇయర్‌ఫోన్లు కూడా ఆ వీధిలోనివే. అనుమానం రాని దొంగ ఇంకొకటుంది: యూఎస్‌బీ 3.0. దాని తీగల్లో పరుగెత్తే సంకేతాల నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుందని ఇంటెల్ సంస్థే 2012లో కొలతలతో సహా ప్రచురించింది. బయటి హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడల్లా వై-ఫై తడబడితే, హార్డ్‌డిస్క్ దూరంగా జరిపి చూడటమో, 5 గిగాహెర్ట్జ్‌కు మారి చూడటమో చేస్తే విషయం తేలిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది, ఎక్కువగా వేధించేది లాప్‌టాప్ సొంత పొదుపు. బ్యాటరీ కాపాడుకోవడానికి వై-ఫై కార్డు బీకన్లకు మధ్య కునుకు తీస్తుంది. ఆ వేళలో కార్డుకు వచ్చిన సమాచారాన్ని రౌటర్ దాచి ఉంచి, ఎవరెవరికి ఏమొచ్చిందో బీకన్‌లో జాబితా వేస్తుంది. కార్డు నిద్రలేచి జాబితాలో తన పేరుంటే అడిగి తీసుకుంటుంది. రౌటర్‌కీ కార్డుకీ ఈ లెక్క కుదిరితే హాయి. ఒకరు లేచే వేళ రెండోవారికి సరిగా తెలియకపోతే సమాచారం మురిగిపోతుంది, ఓపిక చచ్చిపోతుంది. విండోస్ బ్యాలెన్స్‌డ్ పవర్ ప్లాన్‌లో మామూలుగా ఛార్జర్ ఉన్నప్పుడు వై-ఫై పొదుపు ఉండదు, బ్యాటరీ మీద మధ్యస్థంగా ఉంటుంది. అందువల్ల ఛార్జర్ పెట్టినప్పుడు నిక్షేపంగా ఉండి, తీసేశాక పోతోందంటే నేరస్థుడు దాదాపు దొరికినట్టే. డివైస్ మేనేజర్‌లో వై-ఫై కార్డు పేరు మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం దాన్ని ఆపే అనుమతిని తీసేయాలి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ ఉండదు. అప్పుడు పవర్ ప్లాన్ సెట్టింగుల్లో వెతకాలి. ఇంట్లో రెండు రౌటర్లో, ఒక రౌటర్‌తోపాటు రిపీటరో ఉంటే ఇంకో సంగతి కూడా చూడాలి. ఎప్పుడు ఒకదాన్ని విడిచి రెండోదాన్ని పట్టుకోవాలన్నది ముఖ్యంగా లాప్‌టాప్ తీసుకునే నిర్ణయమే. ఇంటెల్ కార్డుల్లో ఈ తొందరపాటుకు రోమింగ్ అగ్రెసివ్‌నెస్ పేరుతో అయిదు మెట్లున్నాయి. రెండు రౌటర్ల నడుమ కూర్చున్న లాప్‌టాప్ అటూ ఇటూ ఊగిసలాడుతుంటే మెట్టు తగ్గించి చూడవచ్చు.

రౌటర్ వైపు నిర్ణయాలను పట్టించేది గడియారం. నెట్ ఎప్పుడెప్పుడు పోయిందో రెండు రోజులు కాగితం మీద రాసుకుంటే చాలు. సరిగ్గా గంటకోసారి అయితే, ఇంట్లో పరికరాలన్నీ పంచుకునే ఉమ్మడి తాళాన్ని రౌటర్ మార్చే వేళ అది కావచ్చు. చాలా రౌటర్లలో ఆ గడువు 3600 సెకన్లు. ఆ క్షణంలో కునుకులో ఉన్న కార్డు జవాబివ్వకపోతే గెంటేస్తారు, చిట్టాలో 16 అని పడుతుంది. వేళాపాళా లేకుండా 5 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే పోతుంటే రాడార్ కథ గుర్తుచేసుకోవాలి. ఆ బ్యాండ్‌లో కొంత భాగాన్ని వై-ఫై రాడార్లతో పంచుకుంటుంది. 52 నుంచి 144 వరకున్న చానళ్లలో రాడార్ సంకేతం అనిపించిందంటే రౌటర్ 10 సెకన్లలో ఆ చానల్ ఖాళీచేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. అలాంటి ఇంకో చానల్‌కు వెళ్లాలంటే ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. వేరే రొదను రాడార్ అనుకుని రౌటర్లు పొరబడటమూ ఉంది. చానల్‌ను 36 దగ్గరో 149 దగ్గరో స్థిరంగా పెడితే ఈ తిప్పలుండవు.

"ఇంత తతంగమెందుకు, ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతోంది కదా" అనేవారి మాట కొట్టిపారేయలేం. రీస్టార్ట్ పనిచేస్తుంది, ఎందుకంటే అది ఇద్దరి జ్ఞాపకాలనూ తుడిచి కొత్త ఒప్పందం రాయిస్తుంది. కానీ పాత ఒప్పందం ఎందుకు చెడిందో అది అడగదు, కాబట్టి మర్నాడు మళ్లీ అదే తంతు. పైగా రౌటర్‌లో ఉన్న చిట్టా కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆపక తప్పదనుకుంటే రెండింటినీ ఒకేసారి ఆపకుండా, ముందు లాప్‌టాప్ వై-ఫై మాత్రం ఆపి మళ్లీ ఆన్ చేయాలి. దాంతోనే కుదిరితే రౌటర్‌ను అనుమానించే పని తగ్గుతుంది. డ్రైవర్ అప్‌డేట్ చేయడం మంచి సలహాయే, లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి తీసుకుంటే. అయితే డ్రైవర్, చానల్, పవర్ సెట్టింగు మూడూ ఒక్క పూటలో మార్చేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడితే ఎక్కడ మొదలుపెట్టాలో అసలే తెలియదు.

నిర్ణయం కాకుండా నిజంగా వస్తువే పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి, అవి వేరేగా కనపడతాయి. పేర్ల జాబితాతో సహా వై-ఫై మీటే మాయమై, డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే లేకుండా పోతే, కార్డు వేడెక్కో వదులయ్యో కంప్యూటర్‌కు దూరమైందని అనుమానించాలి. యూఎస్‌బీ వై-ఫై డాంగిల్ ఒకటి తెచ్చి, అదే కుర్చీలో కూర్చుని పరీక్షిస్తే తేలిపోతుంది: డాంగిల్ నిలబడి లోపలి కార్డు పడిపోతుంటే తప్పు లోపలే. కార్డు కనపడుతూనే సిగ్నల్ మాత్రం రౌటర్ పక్కన కూడా నీరసంగా ఉంటే యాంటెన్నా వైపు చూడాలి. చాలా లాప్‌టాప్‌లలో యాంటెన్నాలు తెర అంచుల్లో ఉంటాయి; వాటి నుంచి రెండు సన్నని తీగలు మూత కీళ్ల గుండా కిందికి దిగి కార్డు మీద చిన్న గుండీల్లా నొక్కుకుంటాయి. సర్వీసు చేయించిన తర్వాత సమస్య మొదలైతే ఒక గుండీ ఊడి ఉండవచ్చు. ఏళ్ల తరబడి మూత తెరిచి మూసిన లాప్‌టాప్‌లో, మూత కోణం మార్చినప్పుడల్లా సిగ్నల్ శాతం ఎగిరి పడుతుంటే, కారణం కీలు దగ్గర నలిగిన తీగే కావచ్చు. లాప్‌టాప్ లోపల వై-ఫైకి నిజంగా తెగే తీగలు ఆ రెండే. వాటిని మార్చడం సర్వీసు సెంటర్‌లో చేయించాల్సిన పని.