మీ నాలుకకు సరిపోయే చిల్లీ సాస్ ఏది?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ తలుపు తీస్తే రెండు మూడు సాస్ సీసాలు కనిపిస్తాయి. అన్నీ సగం వాడి వదిలేసినవే. ఒకటి మరీ పుల్లగా ఉందని పిల్లలు ముట్టరు. ఇంకొకటి తియ్యగా ఉందని అబ్బా పక్కన పెట్టేశారు. రంజాన్‌లో ఇఫ్తార్ బజ్జీల కోసం తెచ్చిన మూడోదానితో దాదీకి కడుపులో మంట పట్టుకుంది. సీసా మీద 'హాట్' అని కనిపిస్తే చాలు కొనేస్తారు గానీ, ఆ ఒక్క మాట వల్ల తెలిసేది చాలా తక్కువ.

మిరపలో మండే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి ఈనెలో. ఈ మంటను కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో పలచన చేస్తూ పోయి, ఎన్ని రెట్లకు నాలుకకు కారం తెలియకుండా పోతుందో చూడటమే ఆ పద్ధతి. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నా లెక్క ఆయన పేరు మీదే నడుస్తోంది.

ఆ లెక్కలో అమెరికా టబాస్కో ఒరిజినల్ సాస్ 2,500 నుంచి 5,000 మధ్య ఉంటుంది. మన గుంటూరు సన్నం మిరప 35,000 దాటుతుంది, తేజ రకం అంతకన్నా ఘాటు. బ్యాడిగి మిరపలో రంగే గానీ కారం తక్కువ. అందుకే పేరున్న విదేశీ సాస్ కొని నాలుక మీద వేసుకున్నవాళ్ళు "ఏటిది, పులుపు తప్ప కారమే లేదు" అంటారు. తప్పు సాస్‌ది కాదు. 1868 నుంచి టబాస్కో తయారీ మిరప, ఉప్పు, వెనిగర్ మీదే నడుస్తోంది. ఆ ముద్దను ఓక్ చెక్క పీపాల్లో మూడేళ్ళ దాకా మాగబెడతారు. అది చుక్కల లెక్కన వాడే పులుపు, బజ్జీ ముంచుకునే చట్నీ కాదు.

థాయ్‌లాండ్‌లోని సీ రాచా అనే ఊరి పేరుతో వచ్చిన స్రిరాచా వేరే దారి. అందులో వెల్లుల్లి, పంచదార బాగా తెలుస్తాయి, ముద్దగా ఉంటుంది. టమాటా సాస్ అలవాటైన పిల్లలు దానికి తొందరగా అలవాటు పడతారు. నూడుల్స్ బండి దగ్గర దొరికే ఎర్ర చిల్లీ సాస్ ఇంకా పలచన, అందులో వెనిగర్, ఉప్పు ముందు తెలుస్తాయి. ఉడికే మంచూరియాలో వేయడానికి అది బాగుంటుంది, పైన పోసుకోవడానికి అంత బాగుండదు.

ఉత్తరాంధ్ర నాలుకకు ఇంకో అలవాటు కూడా ఉంది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం, పులుసులో బెల్లం ముక్క వేయడం ఇక్కడ మామూలు. ఆవ ఘాటు గాల్లో కలిసి ముక్కుకు ఎక్కుతుంది, క్షణంలో పోతుంది. మిరప కారం అలా ఎగరదు, నాలుకను పట్టుకుని కూర్చుంటుంది. రెండో రకం మంట ఎంత పెంచినా మొదటిది ఇష్టపడేవాళ్ళకు తృప్తి ఉండదు. ఎన్ని సీసాలు మార్చినా "ఏదో తక్కువైంది" అనిపిస్తుంటే ఆ తక్కువైంది ఆవ కావచ్చు.

దుకాణంలో సీసా ముందు వైపు బొమ్మ కన్నా వెనక అచ్చు చూడటం మేలు. పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువదాకా వరసగా రాయాలని మన దేశంలో నియమం. నీళ్ళు, పంచదార ముందు వచ్చి మిరప నాలుగో చోట ఉంటే అది తీపి సాసే, పేరు ఏదైనా సరే. 260 అంటే అసిటిక్ యాసిడ్, వెనిగర్ పులుపు దానిదే. 211 సోడియం బెంజోయేట్, 202 పొటాషియం సార్బేట్, ఈ రెండూ పాడవకుండా ఉంచేవి. 415 చిక్కదనం కోసం వేసే శాంథాన్ గమ్.

బీపీ ఉన్న పెద్దలున్న ఇంట్లో సోడియం గడి కూడా చదవాలి. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 100 గ్రాములకు 2,000 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే, ఒక పెద్ద చెంచా సాస్‌లోనే ముప్పావు గ్రాము ఉప్పు పోతుంది. రెండు బజ్జీలకు అంతకంటే ఎక్కువే పడుతుంది.

వెనిగర్ హలాలేనా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. సిర్కాను మంచి సాలన్‌గా ప్రవక్త ముహమ్మద్ (స) మెచ్చుకున్నట్టు సహీహ్ ముస్లింలో ఉంది. సారాయి పూర్తిగా సిర్కాగా మారిపోతే హలాల్ అన్నది హనఫీ మత్. మనిషి ఏదైనా కలిపి అలా మార్చితే షాఫయీ ఉలమా ఒప్పుకోరు. మనవైపు దొరికే మామూలు సాసుల్లో చాలావరకు అసిటిక్ యాసిడే వాడతారు. కొన్ని విదేశీ సాసుల్లో వైన్ వెనిగర్ ఉంటుంది, టబాస్కో మాగబెట్టే పీపాల్లో విస్కీకి వాడినవీ ఉంటాయి. ఇలాంటివాటి విషయంలో సీసా మీద హలాల్ ముద్ర చూసుకోవడం, సందేహం ఉంటే తెలిసిన ఆలిమ్‌ను అడగడం మంచిది. ఆగ్నేయాసియా సాసుల్లో కొన్నిట్లో చేపల రసం కలుపుతారు, వాటి మీద మాంసాహార గుర్తు ఉంటుంది.

రుచి చూసే పద్ధతి సులువే. ఉడికించిన బంగాళాదుంప ముక్క మీదనో, ముద్ద తెల్లన్నం మీదనో ఒక్క చుక్క వేసుకోవాలి. బజ్జీతో చూస్తే నూనె, ఉప్పు కలిసి అసలు సంగతి తెలియదు. మంట మెల్లగా పెరుగుతుంది కాబట్టి రెండో చుక్కకు ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. నోరు మండితే నీళ్ళు తాగి లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పెరుగు, పాలు పనిచేస్తాయి. ఇఫ్తార్ వేళ మాత్రం ఈ పరీక్ష వద్దు. ఖాళీ కడుపు, ఎండిన నాలుక, ఏ సాసైనా మంటగానే తెలుస్తుంది. అల్సర్, ఎసిడిటీ ఉన్నవాళ్ళు డాక్టరు మాట వినాలి గానీ ఇంకాస్త తక్కువ కారం సీసా వెతకడం కాదు.

ఇన్ని చూసినా ఏదీ నచ్చకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. బజారులోకి పండుమిరపకాయలు వచ్చే రోజుల్లో పావుకిలో తెచ్చి, కడిగి, గుడ్డ మీద తడి పోయేదాకా ఆరబెట్టాలి. తొడిమలు తీయాలి. కారం తగ్గించాలంటే లోపలి తెల్ల ఈనె కూడా తీసేయాలి. చేతులకు గ్లౌజులు లేకపోతే ఆ రోజంతా కళ్ళు నలుపుకోకూడదు. ముక్కలు చేసి, పది వెల్లుల్లి రెబ్బలు, 150 మిల్లీలీటర్ల వెనిగర్, రెండు చెంచాల ఉప్పు, నిమ్మకాయంత బెల్లంతో పది పన్నెండు నిమిషాలు సన్నసెగ మీద ఉడికించాలి. కిటికీలు తీసి పెట్టండి, ఆ ఆవిరి ఇల్లంతా దగ్గిస్తుంది. చల్లారాక మెత్తగా రుబ్బి వడకట్టాలి.

ఆవ కావాలంటే చెంచా ఆవపిండిని చన్నీళ్ళతో కలిపి పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత చల్లారిన సాస్‌లో కలపాలి. ఆవపిండిని నేరుగా వెనిగర్‌లో వేస్తే ఘాటు సరిగా పుట్టదు, వేడి సాస్‌లో వేస్తే ఉన్నదీ పోతుంది. వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెల రోజులు వాడుకోవచ్చు. తడి చెంచా పెట్టకూడదు. పైన బూజు కనిపిస్తే ఆ భాగం తీసేసి వాడదామనుకోకుండా సీసా మొత్తం పారబోయాలి.