తల్లిపాలలోని యక్కచెల్లెండ్రు

వేసవి వచ్చినదనగా పత్రికలలో రెంటచింతల పేరు కనబడక మానదు. మాచర్లకును గురజాలకును నడుమనున్న యీ పల్నాటి యూర వాతావరణశాఖవారి పరిశీలనాకేంద్ర మొకటి కలదు. మండువేసవియం దచ్చట ఉష్ణము 45 డిగ్రీలను దాటుట యరుదు కాదు. పెద్దలే నీటికుండను విడిచి యుండలేని యా దినములలో, నెలల బిడ్డను చూచి యింటి పెద్దమ్మలు “పాపము, పసివానికి నోరెండిపోవుచున్నది, రెండు చెంచాలు నీళ్లు పోయవే” యందురు. ఈ మాట ప్రేమవలననే పుట్టినది. కాని దానివలన బిడ్డకు మేలు కలుగునా, కీడు కలుగునా? ఈ ప్రశ్నకు తల్లిపాలలోని రెండు మాంసకృత్తులు సమాధానము చెప్పుచున్నవి. అవి యొక్క యింట పుట్టిన యక్కచెల్లెండ్రు. అక్క కావలి కాయును; చెల్లెలు నీళ్లు మోయును.

అక్క పేరు లైసోజైము. లండనులోని సెయింట్ మేరీ వైద్యశాలలో పనిచేసిన అలెగ్జాండరు ఫ్లెమింగు పండితుడు 1922లో దీనిని లోకమునకు వెల్లడించెను. ఆయన పెన్సిలినును కనుగొన్నది అటుపిమ్మట, 1928లో. జలుబుచేసిన ముక్కునుండి కారు నీరు సోకినచోట క్రిములు కరగిపోవుట ఆయన మొదట చూచెను. ఆ గుణమే కన్నీటను, ఉమ్మియందును, కోడిగ్రుడ్డు తెల్లసొనయందును, తల్లిపాలయందును కలదని తేలినది. క్రిమి శరీరము చుట్టును చక్కెర గొలుసులతో నల్లిన ప్రాకార మొకటి యుండును. లైసోజైము ఆ గొలుసులను త్రెంచును. ప్రాకారము చెడగానే నీరు లోనికి చొచ్చి క్రిమి పగిలిపోవును. కొన్ని క్రిములకు ఆ ప్రాకారముపై మఱియొక కవచముండును. అచ్చట పాలలోనే యున్న లాక్టోఫెర్రిను అను వేఱొక మాంసకృత్తు తోడ్పడి కవచమును సడలించును.

ఆవుపాలలో లైసోజైము మిక్కిలి స్వల్పము. తల్లిపాలలో దానికి వేయిరెట్లకు మించి యుండును. అంతియేకాదు, నెలలు గడచినకొలది తల్లిపాలలో దీని పాలు పెరుగును. ఏడాది దాటిన చనుబాలలో సారములేదని పలుకువారు ఈ సంగతిని తలపవలెను.

మన వీథులలో గాడిదలను తోలుకొనివచ్చి, అప్పటికప్పుడు పితికి, చిన్న గిన్నెడు పాలను బిడ్డల యారోగ్యమునకని యమ్ముట సోదరీమణు లెఱిగినదే. గాడిదపాలలో లైసోజైము మెండుగ నున్నమాట నిజము. కాని వీథిలో పితికిన పచ్చిపాలతో చేతి మురికియు, గిన్నె మురికియు బిడ్డ కడుపున చేరును. అదే రక్షణ తల్లి రొమ్మున దొరకుచుండగా డబ్బిచ్చి రోగమును కొననేల?

ఇక చెల్లెలి పేరు ఆల్ఫా లాక్టాల్బుమిను. మాంసకృత్తు లన్నియు అమైనో ఆమ్లము లనెడి పూసలను గ్రుచ్చిన దండలు. 1967లో బ్రూ, వానమన్, హిల్ అను పండితులు ఆవుపాలలోని యీ దండను కోడిగ్రుడ్డులోని లైసోజైము దండతో పోల్చి చూచిరి. లైసోజైమునకు 129 పూసలు, దీనికి 123. మూడవవంతుకు మించిన పూసలు రెంట నొక్కటియే. దండను ముడిచి పట్టియుంచు గంధకపు ముడులు నాలుగును రెంట నొక్క తీరుననే యున్నవి. పాలిచ్చు జంతువులు భూమిపై పుట్టకముందే, పాత లైసోజైము జన్యువు రెండు ప్రతులైనదనియు, ఒక ప్రతి తొలిపనినే చేయుచుండగా రెండవది కాలక్రమమున మాఱి పాలపనికి కుదిరినదనియు శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

చెల్లెలికి అక్కవలె క్రిములగోడను త్రెంచు నేర్పు లేదు. ఆమె పని వేఱు. రొమ్ములోని పాలకణములలో మఱియొక ఎంజైముతో జతగూడి పాలచక్కెరను చేయించును. కోసిన మామిడిముక్కలపై ఉప్పు చల్లినచో నీ రూరుట మన మెఱిగినదే కదా! అట్లే పాలచక్కెర తయారగు తావునకు తల్లి దేహమునుండి నీరు లాగబడును. అందుచేత 100 పాళ్ల తల్లిపాలలో చక్కెర సుమారు 7 పాళ్లు, నీరు 87 పాళ్లు. చెల్లెలు లేకున్న నేమగును? ఆల్ఫా లాక్టాల్బుమిను లేకుండ పెంచిన చిట్టెలుకలను గూర్చి 1994లో ప్రకటించిరి. వాని పాలు చక్కెరలేక, నీరులేక, మిక్కిలి చిక్కనయ్యెను. పిల్ల లా పాలను పీల్చి బ్రదుకజాలకపోయెను.

కావున చనుబాలు త్రాగు శిశువు ఆకలితోపాటు దాహమును తీర్చుకొనుచున్నాడు. ఆఱుమాసములు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్లైనను పోయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఈ నియమము ఎండలు మెండైన దేశములకును వర్తించును. చెంచాడు నీళ్లు పోసినచో చిన్నకడుపు నిండి బిడ్డ పాలు త్రాగుట తగ్గును. త్రాగుట తగ్గినకొలది తల్లికి పాలూరుటయు తగ్గును. పైగా ఆ నీటితో విరేచనముల క్రిములు లోన బడవచ్చును. కావలి కాయు అక్కను తగ్గించి, వాకిట దొంగకు తలుపు తీసినట్లగును.

మఱి యెండదినములలో చేయవలసినదేమి? బిడ్డ కోరినప్పుడెల్ల, పగలును రాత్రియు, మామూలుకంటె తఱచుగా చన్నీయవలెను. గాలి తగులుచోట, నీడపట్టున, పలుచని బట్టలో పరుండబెట్టవలెను. దినమునకు ఆఱుమార్లకు తక్కువగ మూత్రము పోయుట, నోరెండుట, మాడ లోనికి దిగుట, మందకొడిగ పడియుండుట గానవచ్చినచో జాగుచేయక వైద్యుని కడకు కొనిపోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తల్లి మాట. పాలలోని నీ రామె దేహమునుండి రావలసినదే. మిరపచేలలో కూలికి పోవు తల్లికి త్రాగ నీరును, బిడ్డకు చన్నిచ్చుటకు నీడయు, తీరికయు కావలెను. ఇంటనున్న తల్లికిని అందఱు త్రాగినపిదప మిగిలిన నీరు కాక, మొదటి చెంబు దక్కవలెను. పసివాని కొఱకు చెంచాతో నీళ్లు తెచ్చు పెద్దమ్మగారికి మేము చేయు మనవి యొక్కటే: ఆ చెంచాను దించి, చెంబు నిండ నీళ్లు ముంచి కోడలి చేతి కిండు. అవి పాలై, చక్కెరతోను కావలితోను, మీ మనుమని నోటికి చేరును.